అమెరికా ఆటకి మీసం పందెం

మొన్న సాయంత్రం మెయిన్ రోడ్డులో టీవీలమ్మే దుకాణం ముందు నిలబడిపోయాను. అద్దం వెనక టీవీలో ఎక్కడో అమెరికాలో జరుగుతున్న ఆట. తలలకి బుట్టల్లాంటి టోపీలు పెట్టుకుని, భుజాలు ఉబ్బించుకున్న మనుషులు గుండ్రంగా మూగి, తలలు దగ్గరగా పెట్టి ఏదో గుసగుసలాడుకుంటున్నారు. “ఇంకా ధర కుదిరినట్టు లేదు” అన్నాను పైకే. పక్కన నిలబడ్డ మనిషి నన్ను ఎగాదిగా చూసి రెండడుగులు అవతలికి జరిగాడు. అతని తప్పేం లేదు. ఆ మాట నాదీ కాదు. నాకు ఆ మాట నేర్పిన మనిషి పోయి చాలా ఏళ్లయింది.

ఆయన్ని అనకాపల్లి బెల్లం మార్కెట్టంతా మామ అనేది. ఆయన కంటే పెద్దవాళ్లూ మామ అనేవారు, చిన్నవాళ్లూ మామ అనేవారు. వరస కుదిరిందా లేదా అని ఎవరూ చూడలేదు. నేనప్పుడు ఆ ఊరి రైల్వే స్టేషన్లో గూడ్సు గుమాస్తాను. బెల్లం వ్యాగన్లు బుక్ చెయ్యడానికి వచ్చేవాళ్లతో స్నేహమై, మధ్యాహ్నం బళ్లు లేని వేళ మార్కెట్ యార్డుకి పోయి కూర్చునేవాణ్ణి. ఇంట్లో మాత్రం పనుందని చెప్పేవాణ్ణి. నా పనల్లా మామ పక్కన కూర్చోవడమే.

మామది దలాలీ. అటు రైతుకీ ఇటు షావుకారుకీ మధ్య బేరం కుదర్చడం. అప్పట్లో ఆ బేరం నోటితో జరిగేది కాదు. దళారి, షావుకారు ఎదురెదురుగా కూర్చుని చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. తువ్వాలు కింద ఎన్ని వేళ్లు నొక్కితే అంత ధర. చుట్టూ ఊరంతా నిలబడ్డా ఒక్కడికీ తెలిసేది కాదు. మామ ఆ కాసేపూ ఆకాశం వైపు చూస్తూ, సాయంత్రం కూర ఏం చేయించాలా అని ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టేవాడు. ధర కుదరగానే తువ్వాలు తీసి భుజమ్మీద వేసుకుని, కుడిచేత్తో మీసం ఓ మెలి తిప్పేవాడు. ఆ మెలి చూస్తే చాలు, దూరంగా బండి దగ్గర నిలబడ్డ రైతుకి మంచి ధరే వచ్చిందని తెలిసిపోయేది.

ఈ తువ్వాలు అలవాటు ఆయనకి మార్కెట్టు దాటాక కూడా పోయేది కాదు. ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలిచాను. “ఇంకో రెండు గారెలు వెయ్యమంటారా?” అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. మామ మాట్లాడలేదు. నా చెయ్యి లాక్కుని, పైన తువ్వాలు కప్పి, నాలుగు వేళ్లు నొక్కాడు. నేను మూడని లోపలికి చెప్పాను. ఆయన మళ్లీ నొక్కాడు, ఈసారి గోళ్లతో.

ఇంతటి మనిషికీ భయపడే చోటొకటుండేది. రావికమతం దగ్గర పల్లెలో ఆయన తండ్రి ఉండేవాడు. పెద్దాయన, మనిషి తాటిచెట్టంత పొడుగు, ఆ వయసులో కూడా చెరుకు తోటలోకి కూలీల కంటే ముందు దిగేవాడు. నెలకోసారి బండి కట్టించుకుని మార్కెట్టుకి వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే మామ లేచి నిలబడి, భుజమ్మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకునేవాడు. ఆయన ఉన్నంతసేపూ ఎంత మంచి బేరం కుదిరినా మామ చెయ్యి మీసం దగ్గరికి వెళ్లేది కాదు. తండ్రి ముందు మీసం దువ్వేంత పొగరు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక ఆట సంగతి. అవి యుద్ధం రోజులు. మిలిటరీ స్పెషళ్లు వేళాపాళా లేకుండా పోతుండేవి. ఒక శీతాకాలం ఉదయం అమెరికా సోల్జర్లున్న రైలొకటి మా స్టేషన్లో ఆగింది. ముందెక్కడో లైను బాగు చేస్తున్నారు, సాయంత్రందాకా కదలదన్నారు. సోల్జర్లకి తోచలేదు. స్టేషన్ పక్కన కోతలైపోయిన పెద్ద వరిమడి కనబడింది. ఖాకీ చొక్కాలు విప్పి నాలుగు మూలలా గుర్తుగా పెట్టి, బంతి తీసి ఆట మొదలెట్టారు. సగం మంది బనీన్లతో, సగం మంది అవి కూడా లేకుండా. ఆ బంతి గుండ్రంగా లేదు, రెండు వైపులా మొనదేలి ఉంది. పీచు తీసిన కొబ్బరికాయకి తోలు తొడిగారని మావాళ్లు తేల్చేశారు.

మార్కెట్టులో బేరాలు ఆపేసి జనం పరుగెత్తుకొచ్చారు. మామ కాస్త ఆలస్యంగా వచ్చాడు. ముందు వరసలో చోటు దొరక్కపోయేసరికి, బెల్లం దింపి ఖాళీగా పోతున్న బండినొకదాన్ని పిలిచి, ఎడ్లతో సహా మడి పక్కన నిలబెట్టించి, దాని మీదెక్కి నిలబడ్డాడు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను ముందుకి తోశారు. ఏదో నములుతూ కూర్చున్న సోల్జరు ఒకడు ముక్కుతో చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఒక్కటే. ఆడుతున్నవాళ్లలో ఇద్దరు తమ దేశంలో జీతం పుచ్చుకుని ఇదే ఆట ఆడతారట. ఆ మాట మామకి చెప్పాను.

“ఆడుకోడానికి జీతమేటి బాబూ? వోళ్లమ్మ తిట్టదేటి?” అన్నాడు.

అంతలో బనీన్లవాళ్లు గుండ్రంగా మూగి, వీపులు బయటికి పెట్టి, తలలు లోపలికి దూర్చి గుసగుసలు మొదలెట్టారు. మామ బండి మీంచి ఒక్క కేక పెట్టాడు.

“ఓరి నాయనో! బేరమాడతన్నార్రా! తువ్వాల్లేక ఈపులు కప్పుకున్నారు!”

అంతే, ఆయనకి ఆట మొత్తం తెలిసిపోయింది. గుంపు విడిపోయి వరసగా నిలబడ్డారు. మధ్యలోవాడు వంగి కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించాడు. “సూసేరా, ఎవులికీ అగుపడకుండా సరుకు మచ్చు ఇచ్చేడు” అన్నాడు మామ. బంతి అందుకున్నవాడు పరుగెత్తాడు, అవతలివాళ్లంతా వాడి మీద పడ్డారు. “ధర కుదరకుండా సరుకు ఎత్తుకుపోతే ఊరుకుంటారేటి మరి?” దుమ్ము దులుపుకుని లేచి మళ్లీ గుండ్రంగా మూగారు. “అద్గదీ! మళ్లీ బేరానికి కూకున్నారు. పెద్దమనుసులు.” అవతల గట్టు దాకా బంతి చేరిస్తే సరుకు స్టేషనుకి చేరినట్టు లెక్కన్నాడు. నేను నవ్వాను గాని, తరవాత ఎంత ఆలోచించినా ఇంతకంటే మంచి అర్థం నాకూ తట్టలేదు.

అయితే మామ మాటకి అక్కడే ఎదురు లేచింది. యార్డులో కాటా దగ్గర తూకాలు వేసే ఆయన మామ చెల్లెలి మొగుడు. ఒకరినొకరు బావా అనుకునేవారు. మేమంతా ఆయన్ని కాటా బావ అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు చెడుగుడులో పేరున్న మనిషి. తొడ మీద చరుచుకుని చెప్పాడు.

“బేరమేటి బావా నీ మొగం! ఇది సెడుగుడు. కూత ఒక్కటే లేదు. దమ్ము లేక బంతొట్టుకు పరిగెడతన్నారు గాని, ముట్టుకుంటే అవుటే!”

ఆటలో చివరి దెబ్బే ఊరిని రెండుగా చీల్చింది. ఎర్రజుట్టువాడొకడు ఎక్కడో వెనకనుంచి బంతిని ఆకాశంలోకి విసిరాడు. బనీను లేని సన్నటివాడు పరుగెత్తుతూనే దాన్ని గుండెకి హత్తుకున్నాడు. వాడి వెనక ఒక లావుపాటివాడు. ఎదురుగా మామ నిలబడ్డ బండి. సన్నవాడు బండి చుట్టూ తిరిగాడు, లావువాడూ తిరిగాడు, ఎడ్లు బెదిరాయి, మామ పైన ఊగిపోతూ ఇద్దరినీ తిట్టాడు. గట్టు దగ్గర లావువాడు సన్నవాడి నిక్కరు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గట్టు అవతల పడ్డారు. సోల్జర్లలో సగం మంది చేతులెత్తి అరిచారు, సగం మంది తలలు అడ్డంగా ఊపారు. సరిగ్గా అప్పుడే ఇంజను కూసింది. చొక్కాలు లాక్కుని, బంతి చంకన పెట్టుకుని అంతా రైలెక్కేశారు. ఎవరు గెలిచారో ఒక్కడు కూడా చెప్పి పోలేదు.

ఆ తరవాత మార్కెట్టులో జరిగింది చూడాలి! అమెరికావాళ్లు ఆ ఆటని ఎప్పుడో మరిచిపోయి ఉంటారు. మావాళ్లు మాత్రం ఏళ్లకేళ్లు దాన్ని వదల్లేదు. ఒక్కో దెబ్బకి ఒక్కో పేరు పెట్టుకున్నారు. ఒకడు చేతుల్లో ఏమీ లేకుండానే ఉన్నట్టు వంగి పరుగెత్తితే అందరూ వాడి మీద పడ్డారు, అసలు బంతి చంకలో పెట్టుకున్నవాడు షికారుకెళ్తున్నట్టు నడిచిపోయాడు. అది ‘ఖాళీ తువ్వాలు’. లావువాడు ముగ్గురి మీద కూర్చుని లేవకపోవడం ‘బస్తాల లాటు’. చివరిది ‘బండి చుట్టు’. చూసినవాళ్లు చూడనివాళ్లకి చెప్పేవారు, చూడనివాళ్లు చూసినవాళ్లని సరిదిద్దేవారు.

అందరిలోకీ మామ చెప్పడం వేరు. ఆయనకి నోరొక్కటే చాలేది కాదు. బండ్లలోంచి దింపిన బెల్లం దిమ్మల్ని యార్డులో బనీన్లవాళ్లుగా, బనీన్లు లేనివాళ్లుగా రెండు వరసలు పేర్చేవాడు. నల్లగా మాడిన దిమ్మ లావువాడు. మంచి రంగు తేలిన ఎర్రటి దిమ్మ బంతి విసిరినవాడు. ఒకరోజు ఒక షావుకారు వచ్చి ఆ ఎర్ర దిమ్మని గోరుతో గీకి, నోట్లో వేసుకుని, “ఇది బాగుంది, ఈ సరుకు ఎంత?” అన్నాడు.

“దాన్ని ముట్టుకోకు సావుకారూ! ఆడింకా బంతి ఇసరనేదు!” అని మామ కసిరాడు. బంతి విసిరేదాకా ఆ సరుకు అమ్మలేదు. షావుకారు కూడా బేరం మరిచిపోయి, ‘బండి చుట్టు’ అయ్యి గట్టు దాటేదాకా చూసి గాని వెళ్లలేదు.

గట్టు దగ్గరికి వచ్చేసరికి రోజూ తగువే. “నిక్కరొట్టుకున్నాడు, అవుటు” అని కాటా బావ. “సరుకు గట్టు దాటింది, బేరం ఐపోయింది” అని మామ. ఒకరోజు ఇద్దరికీ మాట మీద మాట పెరిగింది. కాటా బావ తూకపు రాయి కింద పడేసి, “నీ మాట తప్పయితే మీసం తీయించుకుంటావేటి?” అన్నాడు.

“తీయించుకుంటాను! మరి నీది తప్పయితే?”

“నాదీ తీసీయండి!”

 కాటా బావకి ఏం కాదు, ఆయన తండ్రి ఎప్పుడో పోయాడు. మామ తండ్రి రావికమతం దగ్గర పల్లెలో దుక్కలా ఉన్నాడు. మా వైపు తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడు. బతికుండగా తీయడమంటే తండ్రి చావు కోరుకోవడమే. ఒక ముసలి రైతు, “ఏటి మాటది? అయ్య బతికున్నాడు కదరా” అన్నాడు నెమ్మదిగా. మామ మొహంలో నెత్తురు దిగిపోయింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. నా చెవిలో మాత్రం అన్నాడు, “ఆ ఆట తెలిసినోడు మనూరెందుకొత్తాడు బాబూ? ఏటీ అవ్వదు.”

యుద్ధం అయిపోయింది. మరుసటి బెల్లం రోజుల్లో ఆ ఆట తెలిసినవాడు రానే వచ్చాడు. నాతవరం వైపు మనిషి. మిలిటరీలో లారీ నడిపి, అస్సాం రోడ్ల మీద అమెరికావాళ్ల క్యాంపుల్లో ఉండి వచ్చినవాడు. అన్న బెల్లం బండితో పాటు ఊరికే తోడొచ్చాడు. దిమ్మలు పేర్చి ఉండడం చూసి, ఒక్క నిమిషం నిలబడి, “ఇది పుట్‌బాలు కదా” అన్నాడు. మామ చేతిలో దిమ్మ అలాగే ఉండిపోయింది.

డ్రైవర్ని కుర్చీలో కూర్చోబెట్టారు. అతనికీ ఆ మర్యాద నచ్చింది, కాలు మీద కాలేసుకున్నాడు. మామ మొదటినుంచీ ఆట చూపించాడు. బండికి బదులు తూకపు రాయి పెట్టాడు, చొక్కాలకి బదులు గోనెసంచులు. గట్టు దగ్గర సన్నవాణ్ణీ లావువాణ్ణీ ఒకడి మీద ఒకణ్ణి పడేసి చెమట తుడుచుకున్నాడు.

“ముట్టుకుంటే అవుటు కాదు” అన్నాడు డ్రైవరు. “నిక్కరేటి, పీకొట్టుకున్నా అవుటు కాదు. కింద పడీయాల.”

కాటా బావ తల దించుకున్నాడు. మామ కుడిచెయ్యి మీసం మీదికి లేచింది.

“ఉండు మామా. బండి సొక్కాలకి లోపలున్నాదా, బయటున్నాదా?”

“బయటే. మడిలో ఎలాగెడతారు?”

“మరంతే. సొక్కా దాటి బయటికెళ్తే ఆటాగిపోద్ది. ఆడు బండి సుట్టూ తిరిగినప్పుడే అయిపోయింది. తరవాత గట్టు దాటినా, గోదారి దాటినా లెక్కలోకి రాదు. ఇద్దరిదీ తప్పే.”

మామ చెయ్యి దారిలోనే ఆగింది. జనం నవ్వబోయి, మామ మొహం చూసి మానేశారు. కాటా బావే ముందు దగ్గరికొచ్చాడు. “పోనీ బావా, ఎల్లకాలం గుర్తెట్టుకుంటారేటి? మరిసిపోదాం. మావయ్య బంగారంలాగున్నాడు” అన్నాడు. అందరూ అదే అన్నారు. నేనూ అన్నాను.

 మామ భుజమ్మీది తువ్వాలు తీసి చూపించాడు.

“దీని కింద సెప్పిన మాటకి కాయితం లేదు, సాచ్చీకం లేదు. అయినా ఎవులూ తప్పరు. అలాటిది అందరి ముందరా అన్న మాట నాను తప్పితే, రేపు నా ఏళ్లనెవులు నమ్ముతారు? ఆళ్ల సరుకు నా సేతిలో ఎవులెడతారు?” అన్నాడు. “మా అయ్యకి నానే సెప్పుకుంటాను. ఆదారం ఎళ్తాను. కాళ్లొట్టుకుంటాను.”

మార్కెట్టు వసారాలో కూర్చునే మంగలి కత్తి నూరుతూ, గొంతు తగ్గించి, “ఎప్పుడు పోయేరు మామా?” అన్నాడు.

“ఎవులు?”

“అయ్య.”

“మా అయ్యకేటి? గుండ్రాయిలాగున్నాడు. నువ్వు కానీ.”

మంగలి కత్తి మడిచేశాడు. ఆ పాపం తనకెందుకన్నాడు. చివరికి కాటా బావే మొదట కూర్చుని తనది తీయించుకున్నాడు. ఆ ఊపులో మంగలిని బతిమాలి మామదీ కానిచ్చారు. మీసం పోయాక మామ మొహం ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. పైపెదవి తెల్లగా, చిన్నపిల్లాడి పెదవిలా ఉంది. పాపం, తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇంటికి పోయాడు.

ఆదివారం దాకా వార్త ఆగుతుందనుకోవడమే ఆయన పొరపాటు. సాయంత్రం రావికమతం వైపు బళ్లు తిరుగుముఖం పట్టాయి. కొడుకు మీసం తీయించాడు. అల్లుడు కూడా తీయించాడు, మామగారంటే ఎంత ప్రేమో! ఇంకేం రుజువు కావాలి? ఆ బళ్లు ఏ ఊళ్లో ఆగితే ఆ ఊళ్లో పెద్దాయన పోయాడు. ఇటు ఊళ్లో మామ చెల్లెలికి అన్న మీసం సంగతి పక్కింటావిడ చెప్పిన సమయానికే కాటా బావ మీసం లేకుండా గుమ్మంలో కనబడ్డాడు. ఆవిడ ఇంకేం అడగలేదు, ఏడుపు అందుకుంది. మొగుణ్ణి నోరు తెరవనివ్వలేదు. దొరికిన బండెక్కి పుట్టింటికి బయల్దేరింది.

పల్లెలో పెద్దాయన వాకిట్లో కూర్చుని తాడు పేనుకుంటున్నాడట. కూతురు, వెనక పొరుగూరి ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ వస్తుంటే ఆయనకీ దుఃఖం ఆగలేదు. పైపంచెతో కళ్లు తుడుచుకుంటూ ఎదురెళ్లి, “ఎవులమ్మా? ఎవులు పోయేరు?” అన్నాడట. ఆ క్షణంలో కూతురు ఏం చేసిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. తండ్రిని కొట్టిందని కొందరు, కావలించుకుందని కొందరు. రెండూ చేసి ఉంటుంది.

మర్నాడు పొద్దెక్కేసరికి పెద్దాయన కర్ర పొడుచుకుంటూ యార్డులోకి వచ్చాడు. దారి వదిలేసి జనం రెండు పక్కలకి తప్పుకున్నారు.

“సచ్చినోడికి కాసిన్ని మంచినీళ్లియ్యండర్రా. ఎండన పడొచ్చేను” అన్నాడు.

నీళ్లు తాగాడు. కర్రతో మామ వైపు చూపించి, “తీ ఆ తువ్వాలు” అన్నాడు. మామ పెదవి మీంచి తువ్వాలు తీశాడు. దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు. నడివయసు మనిషి, ఊరంతటినీ వేళ్ల మీద ఆడించే మనిషి, అలా బడిపిల్లాడిలా నిలబడడం చూస్తే నాకు జాలేసింది.

“ఏ ఆటకి సంపేవురా నన్ను? సూపించు.”

మామ దిమ్మలు పేర్చాడు.  గుండ్రంగా మూగడం చెప్పాడు, కాళ్ల సందు మచ్చు చెప్పాడు. ఖాళీ తువ్వాలు దగ్గర కొంచెం ఊపొచ్చింది. ఎర్ర దిమ్మ ఎత్తి బంతి విసిరేసరికి ఎదురుగా ఉన్నది తండ్రని మరిచిపోయాడు. తానే సన్నవాడై తూకపు రాయి చుట్టూ పరుగెత్తాడు, తానే ఎడ్లై బెదిరాడు, తానే బండి మీద మామై ఊగి తిట్టాడు. గట్టు దగ్గర నిజంగానే కింద పడ్డాడు. పడ్డాక గుర్తొచ్చి, లేచి చేతులు కట్టుకున్నాడు.

పెద్దాయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు.

“సన్నోడిదీ తప్పు కాదు, నిక్కరొట్టుకున్నోడిదీ తప్పు కాదు” అన్నాడు. “ఆట జరిగీ కాడ బండెట్టినోడిది తప్పు. ఆ ఎదవెవడ్రా?”

 అందరి కళ్లూ మామ మీదే ఉన్నాయి. పెద్దాయనకి ఒక్క క్షణం పట్టింది. తరవాత నవ్వాడు. ఆ మనిషి నవ్వడం అంతకుముందు మార్కెట్టులో ఎవరూ చూడలేదు. నవ్వి నవ్వి కర్ర వదిలేసి బెల్లం దిమ్మ మీదే కూలబడ్డాడు. “సంపితే సంపేవు గాని, మంచి ఆటకే సంపేవురా” అని కళ్లు తుడుచుకున్నాడు. మీసం మళ్లీ వచ్చేదాకా తన గుమ్మం తొక్కొద్దని మాత్రం చెప్పి పోయాడు. ఆ తరవాత పల్లెలో తానూ ఆ ఆట చెప్పుకోవడం మొదలెట్టాడట. ఆయన చెప్పేటప్పుడు బండి మీద కొడుకు ఉండేవాడు కాదు, తానే ఉండేవాడు.

మామకి మీసం మళ్లీ వచ్చింది, మునుపటికంటే ఒత్తుగా. పెద్దాయన నెలకోసారి వస్తూనే ఉన్నాడు. ఆయన్ని చూడగానే యార్డులో ఎవరో ఒకరు, “ఏటి తాతా, ఎప్పుడు లేచేవు?” అనేవారు. ఆయనా దానికి అలవాటు పడ్డాడు.

రెండు మూడేళ్లు గడిచాయి. మంచి బెల్లం రోజుల్లో ఒక పొద్దున్న మామా లేడు, కాటా బావా లేడు. రావికమతం నుంచి వచ్చిన బండివాడు, “పెద్దాయన పోయేడు” అన్నాడు. యార్డంతా ఘొల్లుమని నవ్వింది. “మళ్లీనా? ఈసారి ఏ ఆటకి సంపేడు?” అన్నారు. వాడు ఒట్టు పెట్టాడు. ఒట్టు పెట్టిన కొద్దీ నవ్వు ఎక్కువైంది. ఒక్కరూ పలకరింపుకి వెళ్లలేదు. గూడ్సు షెడ్డులో నాకా మాట చెప్పినవాడు కూడా నవ్వుతూనే చెప్పాడు, నేనూ అలాగే విన్నాను.

కొన్నాళ్లకి మామ వచ్చాడు. నేనప్పుడు యార్డులోనే ఉన్నాను. తువ్వాలు తలకి చుట్టుకున్నాడు, పెదవి మీద మీసం లేదు. ఆయన్ని చూడగానే ఈలలు, కేకలు. “ఏ ఆటలో ఓడిపోయేవు మామా?” “ఈసారి ఏ దేశపోళ్లొచ్చేరు?” “సెప్పు మామా, సెప్పు!”

మామ నిలబడి అందరి మొహాలూ చూశాడు. ఏదో అనబోయాడు, అనలేదు. వంగి దిమ్మలు పేర్చడం మొదలెట్టాడు. అదే పాత ఆట చెప్పాడు. ఎక్కడా తగ్గించలేదు. లావువాడు ముగ్గురి మీద కూర్చున్నప్పుడు జనం పొట్టలు పట్టుకున్నారు. బండి చుట్టూ తిరిగాడు, ఊగాడు, తిట్టాడు. గట్టు దాకా వచ్చి ఆయాసంతో ఆగాడు. అందరికంటే గట్టిగా నవ్విన షావుకారు, “పద మామా, ముందు బేరం” అంటూ ఎదురుగా కూర్చుని చెయ్యి చాచాడు.

మామ కూర్చుని చెయ్యి కలిపాడు. అలవాటు చొప్పున రెండో చెయ్యి భుజం తడిమింది. భుజమ్మీద తువ్వాలు లేదు. తలకి చుట్టుకున్నదాన్ని నెమ్మదిగా విప్పాడు. కింద నున్నటి గుండు.

పందేనికి ఎవరూ తల గొరిగించుకోరు. యార్డులో నవ్వు ఒక పక్కనుంచి ఆగుతూ వచ్చి, చివరికి ఎక్కడా లేకుండా పోయింది. మామ ఆ తువ్వాలు చేతుల మీద కప్పి, ఎవరినీ చూడకుండా అన్నాడు:

“ఏటీ అనుకోకండి. మొదటిసారి సచ్చినప్పుడు మా అయ్యా ఇలాగే నవ్వేడు.”

 తువ్వాలు కింద కదలిక లేదు. ఆ షావుకారు వేళ్లు నొక్కడం లేదని, మామ చెయ్యి మొత్తం రెండు చేతులతో పట్టుకున్నాడని, ఆయన భుజాలు చూస్తే తెలుస్తోంది. షావుకారు కళ్లనిండా నీళ్లు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. 

మామే ముందు తేరుకున్నాడు.

“ధర సెప్పు సావుకారూ” అన్నాడు. “బేరం మద్దిలో ఏడిత్తే మా అయ్య ఊరుకోడు.”